ఆల్టర్నేటర్ ఫ్యాన్ ఎన్నిసార్లు బిగించినా వదులవుతోందా? విప్పడం నుంచి గీత గీయడం దాకా పూర్తి పద్ధతి

“అన్నా, ఫ్యాన్ మళ్లీ కొట్టుకుంటోంది. మొన్ననే కదా బిగించాం?”

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఈ మాట నేను వినని వారం లేదు. ఇంజిన్ బెల్ట్‌తో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని చల్లబరిచే ఫ్యాన్ సంగతి ఇది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధంలో బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి కాబట్టి అప్పుడు ఇంకా ఎక్కువ వింటాను. లారీల వాళ్లు, పెళ్లి పందిళ్లకు జనరేటర్లు తిప్పేవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెబుతుంటే సగం మాటలు ఇంజిన్ చప్పుడులో కలిసిపోతున్నాయి, అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ఫ్యాన్ ఒకసారి వదులైతే బిగించండి, తప్పులేదు. రెండోసారి వదులైతే మాత్రం బిగించకండి, విప్పండి. కారణం లోపల ఉంది, పానాకు అందదు.

ఇది బయట, పుల్లీ వెనకాల ఫ్యాన్ కనిపించే ఆల్టర్నేటర్ల కోసం. కొత్త రకాల్లో ఫ్యాన్ లోపల షాఫ్ట్‌తో పాటు తిరిగే రోటార్‌కే అతికి ఉంటుంది, వాటికి ఈ పద్ధతి వర్తించదు.

## 1. నట్ అసలు ఏం పట్టుకుంటుంది

ఇది అర్థమైతే మిగతా పనంతా మీరే చేసుకోగలరు, కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

ఆల్టర్నేటర్ ముందు వైపు షాఫ్ట్ మీద భాగాలు ఒక దొంతరలా ఉంటాయి. బేరింగ్ లోపలి రింగు, దాన్ని ఆనుకుని స్పేసర్ (మధ్య ఖాళీ నింపే రింగు), తర్వాత ఫ్యాన్, పుల్లీ, స్ప్రింగ్ వాషర్, చివర నట్. కొన్నిట్లో ఫ్యాన్‌కీ పుల్లీకీ మధ్య ఇంకో పల్చటి స్పేసర్ ఉంటుంది. నట్ బిగిస్తే ఈ దొంతరంతా బేరింగ్ రింగు మీదకి నొక్కుకుపోతుంది. ఫ్యాన్ షాఫ్ట్‌తో కలిసి తిరిగేది ఈ నొక్కుడు వల్లే. షాఫ్ట్ గాడిలో కూర్చునే అర్ధచంద్రాకారపు ముక్క, హాఫ్ మూన్ కీ వల్ల తిరుగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, కీ మీద భారం పడుతోందంటే నొక్కుడు అప్పటికే పోయిందని అర్థం.

ఒక చిన్న లెక్క చూడండి. ఎం16 (16 మి.మీ.) నట్‌ని 6 కేజీ-మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పుడు బలంతో బిగిస్తే దొంతర మీద పడే నొక్కుడు సుమారు 1.9 టన్నులు. 24 వోల్టుల సిస్టమ్‌లో 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఫుల్ లోడ్‌లో ఇచ్చేది 28 × 45, అంటే 1,260 వాట్లు. ఇంజిన్ 1,800 ఆర్‌పీఎంలో ఉండి, క్రాంక్ పుల్లీ 180 మి.మీ., ఆల్టర్నేటర్ పుల్లీ 75 మి.మీ. అయితే ఆల్టర్నేటర్ 4,320 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. ఆ వేగంలో ఆ కరెంటు తీయడానికి షాఫ్ట్‌కి అందాల్సిన తిప్పుడు బలం అర కేజీ-మీటరుకు అటూ ఇటూ. సరిగ్గా నొక్కుకుని ఉన్న దొంతర దానికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. అంటే అంతా సరిగ్గా ఉంటే ఫ్యాన్ జారడానికి కారణమే లేదు.

మరి ఎందుకు జారుతోంది? ఆ 1.9 టన్నులు ఎక్కడి నుంచి వస్తున్నాయంటే, నట్ బిగించినప్పుడు షాఫ్ట్ కొద్దిగా సాగి స్ప్రింగులా లాగిపట్టడం నుంచి. దొంతర 40 మి.మీ. పొడవుంటే షాఫ్ట్ సాగేది 0.02 మి.మీ. మాత్రమే, తల వెంట్రుక మందం కూడా అంతకన్నా ఎక్కువే. ఇప్పుడు పుల్లీ ముఖం మీద ఒక పెయింట్ పొరో, ఉప్పుగాలికి పట్టిన తుప్పో, మెత్తటి రేకు ముక్కో ఉందనుకోండి. ఇంజిన్ వేడికీ అదురుకీ అది 0.02 మి.మీ. అణిగితే చాలు, నొక్కుడు మొత్తం సున్నా. నట్ ఒక్క పిసరు కూడా తిరగలేదు, అయినా ఫ్యాన్ వదులు!

ఆ తర్వాత జరిగేది వరుసగా జరుగుతుంది. డీజిల్ ఇంజిన్ ఒకే వేగంతో తిరగదు, సిలిండర్ పేలిన ప్రతిసారీ ఒక తోపు, మధ్యలో ఒక నీరసం. పుల్లీ బెల్ట్‌తో పాటు వేగం మారుస్తుంది, బరువైన రోటార్ మాత్రం తన వేగంలోనే ఉండాలని చూస్తుంది. ఇంజిన్ ఆపినప్పుడైతే పుల్లీని బెల్ట్ పట్టి ఆపేస్తుంది, రోటార్ ముందుకు పోతుంది, దాంతో పుల్లీ నట్‌ని విప్పే దిక్కుకు రాస్తుంది. “స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ కొంచెం కొంచెం వదులవుతోంది” అని సరంగులు (బోటు నడిపేవాళ్లు) చెప్పేది నిజమే.

## 2. పనికి ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- రింగ్ పానా లేదా బాక్స్ పానా, నట్‌కి సరిగ్గా సరిపోయేది
- షాఫ్ట్ చివర గుంట ఉంటే దానికి సరిపోయే అలెన్ కీ
- పుల్లీ లాగడానికి రెండు కాళ్ల పుల్లర్
- వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం), నిటారుగా ఉన్న ఒక స్టీలు స్కేలు
- టార్క్ రెంచ్ (లేకపోతే దారి 8వ విభాగంలో ఉంది)
- వైర్ బ్రష్, సన్న ఎమరీ పేపర్, పెట్రోల్ లేదా థిన్నర్, శుభ్రమైన గుడ్డ
- తెల్ల పెయింట్ లేదా నెయిల్ పాలిష్
- స్టాంపు ఇంకు లేదా మార్కర్ పెన్
- కొత్త స్ప్రింగ్ వాషర్, కొత్త నట్, కొత్త కీ
- మర (నట్, షాఫ్ట్ మీద ఉండే చుట్లు) పట్టి ఉంచే మీడియం రకం జిగురు, లాక్‌టైట్ 243 లాంటిది

కొత్త నట్, కీ, వాషర్ ముందే కొని పెట్టుకోండి. విప్పాక పాతవి బాగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది, అదే సమయంలో కొట్టు మూసి ఉంటుంది, అక్కడితో పాతవే ఎక్కించేస్తారు.

భద్రత సంగతి. బ్యాటరీ నెగటివ్ తీగ ముందు తీసేయండి, ఎందుకంటే ఆల్టర్నేటర్ వెనక బ్యాటరీకి వెళ్లే బీ ప్లస్ టెర్మినల్‌లో ఇంజిన్ ఆపి ఉన్నా కరెంటు ఉంటుంది, పానా తగిలితే నిప్పులు రాలతాయి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం బ్యాటరీ తీగ ఎప్పుడూ పీకకండి, వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి, కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే డయోడ్లు పోతాయి. లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని బెల్ట్ దగ్గరికి వంగొద్దు. ఇంజిన్ రూంలో ఉక్కపోతకు అలా చేస్తారని నాకు తెలుసు, అయినా వద్దు.

## 3. విప్పకముందే గీత గీయండి

ఈ ఒక్క పనికి రెండు నిమిషాలు పడుతుంది, సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది.

ఇంజిన్ ఆపి, షాఫ్ట్ చివర, నట్, పుల్లీ, ఫ్యాన్ నాలుగింటినీ కలుపుతూ తెల్ల పెయింట్‌తో ఒకే నిటారు గీత గీయండి. ఆరనిచ్చి, పది నిమిషాలు ఇంజిన్ నడపండి, మధ్యలో రెండు మూడుసార్లు ఆపి స్టార్ట్ చేయండి. ఆపాక గీత చూడండి.

- నట్ మీద గీత, షాఫ్ట్ మీద గీత విడిపోతే: నట్టే తిరుగుతోంది. మర, వాషర్, టార్క్ చూడాలి.
- నట్, షాఫ్ట్ గీతలు కలిసే ఉండి పుల్లీ గీత జరిగితే: నట్ బిగుతుగా ఉన్నా దొంతర మీద నొక్కుడు లేదు, పైగా కీ తెగిపోయి ఉండొచ్చు.
- పుల్లీ దాకా అంతా కలిసి ఉండి ఫ్యాన్ ఒక్కటే జరిగితే: ఫ్యాన్ దగ్గరే ఖాళీ. స్పేసర్ తప్పో, ఫ్యాన్ రంధ్రం అరిగిందో.
- ఏదీ జరగకుండా చప్పుడు మాత్రం వస్తుంటే: ఫ్యాన్ రెక్క పగిలి ఉండొచ్చు, బేరింగ్ పోయి ఉండొచ్చు, లేదా ఆల్టర్నేటరే బ్రాకెట్ మీద ఊగుతుండొచ్చు.

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. బెల్ట్ తీసి, పుల్లీని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడండి. కదలిక తెలిస్తే బేరింగ్ మార్చాల్సిందే. అది మార్చకుండా ఫ్యాన్ ఎంత బాగా బిగించినా నిలవదు.

## 4. విప్పే పద్ధతి

ఆల్టర్నేటర్‌ని ఇంజిన్ మీద నుంచి దించి బెంచ్ మీద పెట్టి విప్పండి. ఇంజిన్ మీదే ఉంచి విప్పితే వెలుతురు చాలదు, చూడాల్సినవి చూడకుండా పోతాయి. తీగలు తీసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

నట్ విప్పేటప్పుడు షాఫ్ట్ తిరగకుండా పట్టుకోవాలి. షాఫ్ట్ చివర అలెన్ గుంట ఉంటే అదే మంచి దారి. లేకపోతే పాత వీ బెల్ట్ ముక్కని పుల్లీ గాడిలో చుట్టి, బెల్ట్‌తో సహా వైస్‌లో పట్టండి. గన్ పానాతో (గాలితోనో కరెంటుతోనో కొట్టి తిప్పేది) విప్పొచ్చు గానీ, దాంతో బిగించకూడదు.

ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి పట్టుకోవడం హార్బర్‌లోనూ గ్యారేజీల్లోనూ రోజూ చూస్తాను. దయచేసి మానేయండి. రెక్క మొదట్లో కంటికి కనపడని పగులు అక్కడే పుడుతుంది, తర్వాత నాలుగు వేల ఆర్‌పీఎంలో ఆ రెక్క ఊడి ఎవరి మొహం మీదకి వస్తుందో చెప్పలేం.

విప్పిన భాగాలను విప్పిన వరుసలోనే, ఏ ముఖం ఎటు ఉందో అటే పెట్టి, గుడ్డ మీద పేర్చుకోండి. ఇంకా తుడవకండి.

## 5. తుడవకముందు చూడాల్సినవి

మురికిలోనే సమాచారం ఉంటుంది. తుడిచేశారంటే పోతుంది.

ఫ్యాన్ బొడ్డు (రంధ్రం ఉండే మధ్య భాగం) చుట్టూ, షాఫ్ట్ మీద ఎర్రటి సన్న పొడి ఉందా? కుంకుమ కొంచెం నల్లబడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇనుము ఇనుము మీద సన్నగా రాసుకుంటే వచ్చే పొడి అది. ఎక్కువ ఎక్కడుందో కదలిక అక్కడే మొదలైంది.

అద్దంలా మెరుస్తున్న ముఖం కనిపిస్తే అక్కడ జారుతోంది. ఒక పక్కే మెరుస్తూ ఇంకో పక్క మసకగా ఉంటే ఆ ముఖం వంకరగా ఉంది, ఒక అంచు మీదే నొక్కుడు పడుతోంది.

ఇక వరుసగా చూడండి:

- షాఫ్ట్ మీద వేలితో రాస్తే మెట్టులా తగులుతోందా
- కీ పక్కలకు ఒరిగిందా, సగానికి తెగిందా
- షాఫ్ట్‌లోగానీ పుల్లీలోగానీ కీ గాడి వెడల్పైందా
- ఫ్యాన్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారిందా
- రెక్కల మొదట్లో పగుళ్లు ఉన్నాయా (ఇది అన్నిటికన్నా చివర చూడండి, పెట్రోల్‌తో తడిపి తుడిస్తే పగులులో తడి గీతగా నిలుస్తుంది)
- స్ప్రింగ్ వాషర్ చివరలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా. ఉంటే అది చచ్చిపోయింది, పారేయండి
- షాఫ్ట్ మర మీద చివరి చుట్లు నలిగాయా, ఎవరైనా ఉలితో కొట్టిన గుర్తులున్నాయా

## 6. కొలతలు: అసలు దొంగ దొరికేది ఇక్కడ

ఇప్పుడు అన్నీ పెట్రోల్‌తో కడిగి ఆరబెట్టండి. మళ్లీ మళ్లీ వదులయ్యే ఫ్యాన్‌లో నాకు ఎక్కువగా దొరికే కారణాలు నాలుగు. ఈ వరుసలోనే చూడండి.

### 6.1 నట్ మర చివరకి తగిలి ఆగిపోవడం

అందరూ మోసపోయేది దీని దగ్గరే. షాఫ్ట్ మీద మర కొంత దూరం దాకే ఉంటుంది, ఆపైన నున్నటి భాగం. దొంతర పొట్టిగా ఉంటే నట్ పుల్లీని నొక్కకముందే మర అయిపోయి ఆగిపోతుంది. పానాకు గట్టిగా తగులుతుంది, బిగిసిందని అనుకుంటారు, నిజానికి పుల్లీ మీద ఏ బలమూ పడలేదు.

చూసే పద్ధతి: కీ లేకుండా, వాషర్ లేకుండా స్పేసర్, ఫ్యాన్, పుల్లీ ఎక్కించి చేత్తో లోపలికి పూర్తిగా నొక్కండి. పుల్లీ ముఖం దగ్గర చూడండి. మర మొదలయ్యే చోటు పుల్లీ రంధ్రంలోకి కనీసం ఒకటి రెండు మి.మీ. లోపల ఉండాలి. నున్నటి షాఫ్ట్ పుల్లీ ముఖం దాటి బయటికి కనిపిస్తోందంటే దొంగ దొరికినట్టే.

పోయిన నిషేధంలో ఒక బోటు ఆల్టర్నేటర్ నా దగ్గరికి వచ్చింది. నాలుగుసార్లు వేరే చోట బిగించారట, ప్రతిసారీ రెండు మూడు వేటలకు వదులు. ఇలా పెట్టి చూస్తే షాఫ్ట్ నున్నటి భాగం దాదాపు ఒక మి.మీ. బయటికి ఉంది. ఎప్పుడో పుల్లీ మార్చినప్పుడు పాత పుల్లీ కంటే బొడ్డు పల్చటిది వేశారు, తేడా ఎవరూ కొలవలేదు. ఆటోనగర్‌లో 3 మి.మీ. స్పేసర్ ఒకటి లేత్ మీద తీయించి వేశాం. ఆ తర్వాత దాని గీత జరగలేదు. నాలుగుసార్లు పెట్టిన ఖర్చు, నడి సముద్రంలో చీకట్లో పడ్డ టెన్షన్ తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

### 6.2 కీ ఎత్తు ఎక్కువ కావడం

కీ లేకుండా పుల్లీ ఎక్కించి, షాఫ్ట్ చివర నుంచి పుల్లీ ముఖం దాకా లోతు వెర్నియర్‌తో కొలవండి. తర్వాత కీ పెట్టి మళ్లీ కొలవండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. కీ పెట్టాక పుల్లీ తక్కువ లోపలికి వెళ్తోందంటే కీ మీద ఎక్కి కూర్చుంటోంది. కీ పైన కొద్దిగా ఖాళీ ఉండాలి, పక్కల మాత్రం బిగుతుగా ఉండాలి. సరిపోని కీని ఆకురాయితో పక్కలు రాసి దూర్చకండి. సరైన సైజుది తెచ్చుకోండి.

### 6.3 ముఖాలు సరిగ్గా ఆనకపోవడం

స్పేసర్ ముఖానికి స్టాంపు ఇంకు పల్చగా పూసి, ఫ్యాన్‌ని దానికి ఆనించి కొద్దిగా తిప్పి తీయండి. ఇంకు చుట్టూ గుండ్రంగా అంటాలి. ఒక పక్కే అంటితే ఏదో ఒకటి వంకర. ఇలాగే ఫ్యాన్‌కీ పుల్లీకీ మధ్య కూడా చూడండి.

పెయింట్ ఉంటే పూర్తిగా గీకేయండి. కొత్త పుల్లీల మీద, మార్కెట్లో దొరికే ఫ్యాన్ల మీద బొడ్డు దాకా పెయింట్ కొట్టి ఉంటుంది, అలాగే ఎక్కించేస్తారు. 0.02 మి.మీ. లెక్క గుర్తుంది కదా, ఆ పెయింట్ పొర ఒక్కటే చాలు. తుప్పు ఉంటే ఎమరీ పేపర్‌ని అద్దం ముక్క మీద పరిచి, ముఖాన్ని దాని మీద గుండ్రంగా రాయండి. చేత్తో పట్టుకుని రాస్తే అంచులు గుండ్రమవుతాయి.

### 6.4 స్పేసర్ తప్పు చోట ఆనడం

లోపలి స్పేసర్ బేరింగ్ లోపలి రింగు మీద మాత్రమే ఆనాలి. వ్యాసం పెద్దదైతే బేరింగ్ సీల్‌కో బాడీకో రాసుకుంటుంది. స్పేసర్ లేకుండా ఉత్త వాషర్ వేసినవీ చూశాను. ఎక్కించాక ఫ్యాన్‌ని చేత్తో తిప్పి, రెక్కల వెనక బాడీకి చుట్టూ సమానంగా ఖాళీ ఉందో లేదో చూడండి. ఎక్కడా రాసుకోకూడదు.

## 7. ఏ లోపానికి ఏం చేయాలి

దొంతర పొట్టిదైతే సరైన మందంలో స్టీలు స్పేసర్ లేత్ మీద తీయించండి. రెండు ముఖాలూ ఒకే బిగింపులో తీయమని టర్నర్‌కి చెప్పండి, అప్పుడే సమాంతరంగా వస్తాయి. ఇత్తడి, అల్యూమినియం వద్దు, అణిగిపోతాయి. రెండు మూడు పల్చటి వాషర్లు పేర్చడం కంటే ఒక్క మందపాటి స్పేసరే మేలు, ఎందుకంటే ముఖాలు ఎన్ని ఉంటే అణిగే చోట్లు అన్ని.

ఫ్యాన్ రంధ్రం అరిగితే, రెక్క పగిలితే, ఫ్యాన్ మార్చేయండి. కొత్తది కొనేటప్పుడు పాతది పట్టుకెళ్లి రంధ్రం, బొడ్డు మందం, వ్యాసం కొలిచి తీసుకోండి. రెక్కలు వంపు తిరిగి ఉండే రకమైతే తిరిగే దిక్కు కూడా చూడాలి. బయటి ఫ్యాన్ వెనక నుంచి గాలిని లాగి, డయోడ్ల మీదుగా, రోటార్ మీదుగా ముందుకు తెచ్చి బయటికి చిమ్ముతుంది. తిరగేసి పెడితేనో, వేరే దిక్కుది పెడితేనో గాలి తగ్గి డయోడ్లు మాడతాయి.

షాఫ్ట్ మీద మెట్టు పడితే, కీ గాడి వెడల్పైతే, నేనైతే రోటార్ మార్చమనే చెబుతాను. షాఫ్ట్‌కి వెల్డింగ్ పోసి లేత్ మీద తీస్తామని కొందరు అంటారు. ఆ వేడికి షాఫ్ట్ వంగుతుంది, వైండింగ్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఇవాళ మిగిల్చిన డబ్బు రెండో నెల్లో రెండింతలు పోతుంది.

మర నలిగితే సరైన డై (మర కోసే పనిముట్టు) వేసి శుభ్రం చేసి, కొత్త నట్‌ని చేత్తో చివరి దాకా తిప్పి చూడండి. చేత్తో వెళ్లాలి, ఊగకూడదు.

చేయకూడనివి, ఒక్కొక్కటీ నేను విప్పి చూసినవే:

- ఫ్యాన్‌ని పుల్లీకి వెల్డింగ్ చేయడం. బ్యాలెన్స్ పోతుంది, రెక్కలు మొదట్లో పగులుతాయి. ఇంజిన్ మీద ఉండగానే వెల్డింగ్ కొడితే డయోడ్లు కూడా పోతాయి.
- కూల్‌డ్రింక్ డబ్బా రేకు కోసి మధ్యలో దూర్చడం. వారం తిరక్కుండా అణిగిపోతుంది.
- మర చివర ఉలితో కొట్టి నట్ లాక్ చేయడం. ఆ షాఫ్ట్ మీద మళ్లీ నట్ సరిగ్గా ఎక్కదు.
- మర మీద దారం చుట్టి బిగించడం. నీళ్ల పైపుకి పనికొస్తుంది, దీనికి కాదు.

## 8. బిగించే వరుస

1. షాఫ్ట్ మర, నట్ మర థిన్నర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నూనె చెమ్మ ఉండకూడదు.
2. లోపలి స్పేసర్, కీ, ఫ్యాన్, మధ్య స్పేసర్ ఉంటే అది, పుల్లీ, ఈ వరుసలో ఎక్కించండి. ముఖాల మీద గ్రీజు వద్దు.
3. పుల్లీ చేత్తో పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడండి. సుత్తితో కొట్టొద్దు, ఆ దెబ్బ నేరుగా బేరింగ్ మీద పడుతుంది.
4. కొత్త స్ప్రింగ్ వాషర్ వేయండి.
5. షాఫ్ట్ మర మీద, నట్ కూర్చునే చోట మర జిగురు రెండు చుక్కలు వేయండి. బేరింగ్ వైపు కారనివ్వొద్దు.
6. నట్ చేత్తో ఎక్కించి, ఒకే ఊపులో ఆగకుండా టార్క్ దాకా బిగించండి.
7. వెంటనే షాఫ్ట్, నట్, పుల్లీ, ఫ్యాన్ మీదుగా కొత్త గీత గీయండి.

టార్క్ ఎంత అన్నది మీ ఆల్టర్నేటర్ మాన్యువల్లో ఉన్నదే ఖాయం. ఎం16 నట్‌కి చాలా వాటిలో అది 5.5 నుంచి 8 కేజీ-మీటర్ల మధ్య ఉంటుంది, షాఫ్ట్ సన్నగా ఉన్న పాత మోడళ్లకు బాగా తక్కువ. సన్న షాఫ్ట్‌ని 8 దాకా లాగితే మర ఊడొస్తుంది.

టార్క్ రెంచ్ లేదా? మన దగ్గర చేపలు తూచే వేలాడే కాటా ఉంటుంది కదా, అది చాలు. పానా మీద నట్ మధ్య నుంచి 30 సెం.మీ. దూరంలో కాటా కొక్కెం తగిలించి, పానాకి సరిగ్గా లంబంగా లాగండి. 20 కేజీలు చూపిస్తే 6 కేజీ-మీటర్లు. చేతి అంచనా మీద బిగించడం కంటే ఇది ఎంతో నమ్మకం.

మర జిగురు గురించి ఒక్క మాట. అది నట్ తిరగకుండా ఆపుతుంది గానీ నొక్కుడుని పుట్టించదు. 6వ విభాగంలోని లోపం అలాగే ఉంచి జిగురు ఎంత పోసినా లాభం లేదు. పూర్తిగా పట్టడానికి 24 గంటలు పడుతుంది. నిషేధం రోజుల్లో ఆ టైమ్ ఉంటుంది కాబట్టి తొందరపడకండి.

## 9. ఇంజిన్ మీద ఎక్కించేటప్పుడు

ఆల్టర్నేటర్ బ్రాకెట్ బోల్టు రంధ్రాలు అరిగి పెద్దవయ్యాయేమో, బుష్ ఊగుతోందేమో, బ్రాకెట్ మీద పగులు ఉందేమో చూడండి. క్రాంక్ పుల్లీ ముఖానికి స్టీలు స్కేలు ఆనించి, ఆల్టర్నేటర్ పుల్లీ దానికి సమంగా వస్తోందో లేదో చూడండి. కొత్త స్పేసర్ వేశాక పుల్లీ గాడి ముందుకు జరిగి ఉండొచ్చు. అలాంటప్పుడు బ్రాకెట్ దగ్గర వాషర్‌తో అంతే జరపాలి.

బెల్ట్ బిగువు: రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 మి.మీ. దాకా దిగాలి. తక్కువ దిగితే బేరింగ్ మీద భారం, ఎక్కువ దిగితే బెల్ట్ జారి పుల్లీ కాలుతుంది.

ఇంజిన్ ఒక సిలిండర్ సరిగ్గా పేలకుండా కుంటుతుంటే, ఇంజిన్ కాళ్ల బోల్టులు వదులుగా ఉంటే, ఆ కుదుపు మొత్తం ఆల్టర్నేటర్ మీద పడుతుంది. ఇంజెక్టర్లు చూపించకుండా ఫ్యాన్ దగ్గరే కూర్చుంటే మళ్లీ మొదటికొస్తారు.

## 10. నడిపి చూడటం

తీగలన్నీ ఎక్కించి, బ్యాటరీ తీగ చివర బిగించి, స్టార్ట్ చేయండి. 24 వోల్టుల సిస్టమ్‌లో బ్యాటరీ దగ్గర 27.5 నుంచి 28.5 వోల్టులు, 12 వోల్టుల దానిలో 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. లైట్లన్నీ వేసి లోడ్ పెట్టి కూడా చూడండి.

గీత చూసే వేళలు:

- పది నిమిషాల తర్వాత, నాలుగైదుసార్లు ఆపి స్టార్ట్ చేసి
- గంట నడిచాక
- పది గంటలు నడిచాక
- మొదటి వేట నుంచి తిరిగి రాగానే
- ఆ తర్వాత ఆయిల్ మార్చిన ప్రతిసారీ

గీత జరగకపోతే నట్ ముట్టుకోకండి. “ఒకసారి టైట్ చూద్దాం” అని పానా వేస్తే పట్టిన జిగురు విరిగిపోతుంది. గీత జరిగితే బిగించడం కాదు, 3వ విభాగం నుంచి మళ్లీ మొదలు.

## 11. సముద్రం మీద ఉండగా వదులైతే

చప్పుడు మొదలవగానే లోపలికి వంగి చూడకండి. ఆగిపోయిన ఫ్యాన్ వల్ల కంటే విరిగిన రెక్క వల్ల ప్రమాదం ఎక్కువ.

ఇంజిన్ ఆపే ముందు బ్యాటరీ మళ్లీ స్టార్ట్ చేయగలదో లేదో ఆలోచించండి. అనుమానం ఉంటే ఆపకముందే దగ్గర్లోని బోటుకు వీహెచ్ఎఫ్ రేడియోలో మీరెక్కడున్నారో చెప్పి పెట్టుకోండి. ఎవరూ పలకకపోతే ఆపదలో పిలిచే 16వ ఛానల్ ఉంది. అనవసరమైన లైట్లు, పాటల పెట్టె ఆపేయండి.

ఆపాక ఆ బెల్ట్ ఆల్టర్నేటర్‌ని ఒక్కదాన్నే తిప్పుతోందో, నీళ్ల పంపును కూడా తిప్పుతోందో చూడండి. ఆల్టర్నేటర్ ఒక్కటే అయితే బెల్ట్ తీసేసి ఇంజిన్ నడుపుకుని రావచ్చు. మామూలు డీజిల్ పంపు ఉన్న ఇంజిన్‌కి ఒకసారి స్టార్ట్ అయ్యాక బ్యాటరీతో పనుండదు. ఉన్న ఛార్జ్ వీహెచ్ఎఫ్‌కీ, జీపీఎస్‌కీ, రాత్రి లైట్లకీ దాచుకోండి. పంపు కూడా అదే బెల్ట్ మీద ఉంటే బెల్ట్ తీయడానికి లేదు. నట్ బిగించి, గీత గీసి, తక్కువ ఆర్‌పీఎంలో, అరగంటకోసారి గీత చూసుకుంటూ రండి. అరగంటలోనే జరిగిపోతుంటే ఫ్యాన్ తీసి పక్కన పెట్టి, దాని మందానికి సరిపడా స్పేసర్ పెట్టెలో ఉంటే అది వేసి, ఆల్టర్నేటర్ వెనక రోటార్‌కి కరెంటు ఇచ్చే ఫీల్డ్ తీగ పీకి చివర టేపు చుట్టండి. ఛార్జింగ్ ఉండదు, ఆల్టర్నేటర్ వేడెక్కదు, నీళ్ల పంపు మాత్రం తిరుగుతుంది.

అందుకే ఒక స్పేసర్, ఒక నట్, రెండు కీలు, రెండు స్ప్రింగ్ వాషర్లు గ్రీజు పూసి ప్లాస్టిక్ సంచిలో కట్టి, బోటులో ఇంజిన్ రూం మెట్ల పక్కన వేలాడదీయమని నా దగ్గరికి వచ్చే ప్రతి సరంగుకీ చెబుతున్నాను.